పదకొండో మట్టంలో వజ్రాలేవీ?

వేసవి సెలవులు. అత్తిలిలో ఓ తాతగారిల్లు అనుకోండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దాయన మడత మంచం మీద నడుం వాల్చారు. పక్కనే మనవడు కంప్యూటరు ముందు కూర్చుని పొద్దుట్నించీ తవ్వుతున్నాడు. మట్టి కాదు. తెర మీద గనిని!

''ఏరా, ఇంతసేపు తవ్వావు. ఏమైనా తగిలిందా?''

''లేదు తాతయ్యా. పదకొండో మట్టంలో తవ్వితే వజ్రాలు దొరుకుతాయని రాసుంది. రెండు గంటలైంది, ఒక్కటీ దొరకలేదు.''

''ఎక్కడ రాసుంది?''

''నెట్‌లో. వికీలో.''

''ఎప్పుడు రాశార్రా?''

మనవడు తెల్లమొహం వేశాడు. ఆ సంగతి వాడు చూడలేదు. చూడాలని కూడా తట్టలేదు. తాతగారు నవ్వి అటు తిరిగి పడుకున్నారు. ''పాత పటం పట్టుకుని కొత్త సర్వేరాయి వెతికితే ఎలా దొరుకుతుందిరా!''

ఇది ఊహించుకున్న ఇల్లే. కానీ ఇలాంటి ఇళ్లు అత్తిలిలోనే కాదు, అమలాపురంలోనూ అట్లాంటాలోనూ ఉంటాయి. ఆ పిల్లాడికి ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకప్పుడు నిజమైన మాటే చెప్పారు. దాని గడువు తీరిపోయిందని మాత్రం చెప్పలేదు. చిక్కంతా అక్కడే!

ఘనాల లోకం

ఆ ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. 2009లో స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ మొదలుపెట్టాడు. పూర్తిస్థాయిలో 2011 నవంబరులో విడుదలైంది. 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థ 250 కోట్ల డాలర్లకు దాన్ని కొనేందుకు ఒప్పందం చేసుకుంది. 2023 నాటికి 30 కోట్ల ప్రతులు అమ్ముడయ్యాయని తయారీదారులే ప్రకటించారు.

ఆట మొత్తం ఘనాలే. మట్టి ఓ ఘనం, చెట్టు మానులో ముక్క ఓ ఘనం, రాయి ఓ ఘనం. ఒక్కోటీ మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. తవ్వుకోవాలి, పోగుచేసుకోవాలి, కట్టుకోవాలి. చిన్నప్పుడు ఇసుకలో గుడి కట్టిన ప్రతి ఒక్కరికీ అందులోని ఆనందం అర్థమవుతుంది. అయితే ఇసుక గుడికి లేనిది దీనికొకటి ఉంది... లెక్క!

ప్రతి ఘనానికీ ఓ జాతకం ఉంటుంది. ఎంత గట్టిది, పేలుడుకు ఎంత తట్టుకుంటుంది, నిప్పంటుకుంటుందా, ఏ పనిముట్టుతో కొడితే చేతికొస్తుంది... అన్నీ అంకెలే. మట్టి గట్టిదనం 0.5. రాయిది 1.5. అబ్సిడియన్ అనే నల్లటి అగ్నిపర్వత శిలది 50. ఒట్టి చేతులతో దాన్ని కొడుతూ కూర్చుంటే పగలడానికి 250 సెకన్లు, అంటే నాలుగు నిమిషాల పైన పడుతుంది. అంతా చేసి చివరికి చేతికేమీ రాదు. అదే వజ్రపు గునపంతో అయితే తొమ్మిదిన్నర సెకన్లలోపే పని పూర్తి, రాయీ దక్కుతుంది. ఏది దేంతో కొట్టాలో తెలిసినవాడికీ తెలియనివాడికీ అంత తేడా!

ఈ లెక్కలన్నీ ఆటలో ఎక్కడా పట్టిక వేసి చూపించరు. ఆడేవాళ్లే కూడి రాసుకున్నారు. ఆ రాసుకున్న చోటే వికీ. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. 1995లో అమెరికాకు చెందిన వార్డ్ కన్నింగ్‌హామ్ తొలి వికీని తెచ్చాడు. హవాయి భాషలో వికీ అంటే త్వరగా అని అర్థం. హొనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు విని ఆ పేరు పెట్టాడట. ఆ తర్వాత 2001లో వికీపీడియా, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా వచ్చాయి.

త్వరగా రాయడం అందరికీ వచ్చింది. త్వరగా దిద్దడమే ఇంకా అలవాటు కాలేదు.

ఆరువేలా? పన్నెండొందలా?

అబ్సిడియన్ సంగతే చూడండి. పేలుడును అది ఎంత తట్టుకుంటుందన్న చోట పాత పేజీల్లో 6000 అని కనిపించేది. ఇప్పటి పేజీల్లో 1200 ఉంటుంది. చూసినవాళ్లు కంగారుపడతారు. ''అయ్యో, రాయి బలం తగ్గించేశారా?'' అని.

తగ్గలేదు. ఆట లోపలి లెక్కలో ఒక అంకె ఉండేది. పేలుడు జరిగినప్పుడు దాన్ని అయిదుతో భాగించి వాడేవారు. పాత పేజీలు భాగించక ముందున్న అంకెను చెప్పాయి. కొత్త పేజీలు భాగించాక వచ్చినదాన్ని చెబుతున్నాయి. మామూలు రాయికీ అంతే. అప్పుడు 30, ఇప్పుడు 6. రాయి అదే, బాంబు అదే. మారింది కొలత.

మన పెద్దలకు ఇది కొత్త కాదు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలు వచ్చాయి. రూపాయి విలువ అంగుళం జరగలేదు. కానీ అణాలతో లెక్క నేర్చిన చెయ్యి పైసలకు అలవాటుపడే దాకా సంతలో ఎన్ని తగాదాలయ్యాయో! ఒకరు అణాల్లో, ఒకరు పైసల్లో మాట్లాడితే ఇద్దరూ నిజమే చెబుతున్నా బేరం కుదరదు. ఒక పేజీలో అబ్సిడియన్‌కు పాత లెక్క, పక్క పేజీలో ఇంకో రాయికి కొత్త లెక్క ఉంటే జరిగేదీ అదే. రెండూ పక్కపక్కన పెట్టుకుని పోల్చినవాడు తప్పులో కాలేస్తాడు.

అందుకే ఓ అంకెను దిద్దితే సరిపోదు. దాంతోపాటు పోల్చి చూసే అంకెలన్నీ దిద్దాలి. సగం దిద్దిన పట్టిక అసలు దిద్దని పట్టిక కంటే ప్రమాదం.

కిందికి పెరిగిన భూమి

మన పిల్లాడి వజ్రాల కథలో మారింది కొలత కాదు, భూమే!

కొల్లేరు వైపు వాళ్లకు మట్టం అంటే ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు అంటే 'అయిదో కాంటూరు'. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించినప్పుడు ఆ గీతనే హద్దుగా తీసుకున్నారు. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిందీ ఆ గీతను చూసే. ఒక్క అంకె మీద ఎన్ని కుటుంబాల బతుకు నిలబడిందో లంక గ్రామాల్లో ఎవరినడిగినా చెబుతారు.

మైన్‌క్రాఫ్ట్‌లోనూ ప్రతి చోటుకూ ఇలాగే ఓ మట్టం అంకె ఉంటుంది. ఒకప్పుడు లోకం అడుగు సున్నా. వజ్రాలు 16 కంటే కిందే ఉండేవి. 10వ మట్టం దగ్గర్నుంచి లావా మడుగులు. కాబట్టి ఆ మడుగుల్లో పడకుండా, వజ్రాలకు దూరం కాకుండా ఉండాలంటే 11 మంచి చోటు. ఆడినవాళ్లంతా అనుభవం మీద తేల్చుకున్న మాట అది. ఏళ్ల తరబడి వేదవాక్కు.

2021 నవంబరు 30న కొత్త వెర్షన్ వచ్చింది. లోకం అడుగు సున్నా నుంచి మైనస్ 64కు దిగిపోయింది. వజ్రాలూ దాంతోపాటే కిందికి జరిగాయి. ఎంత లోతుకెళ్తే అంత ఎక్కువ. ఇప్పుడు మైనస్ 59 చుట్టుపక్కల వెతకాలంటున్నారు. పదకొండులో అసలే దొరకవని కాదు, దొరకడం అరుదు. అదే అసలు తంటా! పూర్తిగా అబద్ధమైతే పిల్లాడు పది నిమిషాల్లో వదిలేసేవాడు. ఎప్పుడో ఓ చోట ఒకటి మెరుస్తుంది కనుక, తన అదృష్టమే బాగోలేదనుకుని తవ్వుతూనే ఉంటాడు.

ఇంకో సంగతి. సున్నాకు దిగువన మామూలు రాయి ఉండదు. డీప్‌స్లేట్ అనే నల్లరాయి ఉంటుంది. దాని గట్టిదనం 3, మామూలు రాయికి రెట్టింపు. పాత లెక్కలు చూసుకుని దిగినవాడికి అదే గునపంతో రెట్టింపు సమయం పడుతుంది. వజ్రాల మట్టం ఒక్కటీ మార్చి ఈ రాయి సంగతి రాయకపోతే ఆ పేజీ మళ్లీ సగం దిద్దినట్టే.

రాగికి పట్టిన యోగం

2021 జూన్‌లో ఆటలోకి రాగి వచ్చింది. కొత్తలో ఎర్రగా మెరుస్తుంది. గాలికి ఉంచితే రోజులు గడిచేకొద్దీ చిలుము పట్టి ఆకుపచ్చగా మారుతుంది. అటక మీద మర్చిపోయిన అమ్మమ్మగారి రాగి బిందెలాగే. మనం చింతపండుతో తోముతాం, ఆటలో గొడ్డలితో గీకుతారు. చిలుము పట్టకూడదనుకుంటే తేనెపట్టు మైనం పూస్తారు.

అప్పట్లో రాసిన పేజీల్లో ''రాగితో పనిముట్లు చేసుకోలేం'' అని ఉండేది. రాసిన రోజుకు అక్షరాలా నిజం. 2025 సెప్టెంబరులో రాగి గొడ్డలి, రాగి గునపం, రాగి కవచం అన్నీ వచ్చేశాయి. పనితనంలో రాతి పనిముట్టుకీ ఇనుప పనిముట్టుకీ మధ్య స్థానం. నాలుగేళ్లపాటు నిజంగా ఉన్న వాక్యం ఒక్క రోజులో అబద్ధమైపోయింది. పేజీలో మాత్రం ఒక్క అక్షరం మారలేదు. కాగితమైతే పచ్చబడుతుంది, చెదలు పడుతుంది, పాతదని చూడగానే తెలుస్తుంది. తెర మీద అక్షరానికి ఆ చిలుము పట్టదు. పదేళ్ల కిందటి తప్పు కూడా ఈ పొద్దుటే అచ్చేసినంత తళతళలాడుతుంది!

బళ్లో పిల్లలకే కాదు, కాలేజీ కుర్రాళ్లకూ ఈ బెడద ఉంది. ఈ ఆటకు సొంతంగా కొత్త ఘనాలు తయారుచేసి కలిపేవాళ్లున్నారు. ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి అదో సరదా దారి. తాడేపల్లిగూడెం నిట్‌లోనో, భీమవరం ఇంజినీరింగ్ కాలేజీల్లోనో ఏ కుర్రాడైనా మొదలుపెట్టొచ్చు. ఒకప్పుడు కొత్త ఘనం చేయాలంటే అది ఏ 'మెటీరియల్' కిందికొస్తుందో ముందు చెప్పాల్సి ఉండేది. చెక్క అంటే చెక్క గుణాలు, రాయి అంటే రాయి గుణాలు వాటంతటవే వచ్చేవి. 2023 జూన్‌లో వచ్చిన వెర్షన్‌లో ఆ పద్ధతే ఎత్తేశారు. నిప్పంటుకుంటుందా, నెడితే కదులుతుందా లాంటివి ఏ ఘనానికి ఆ ఘనమే విడిగా చెప్పుకోవాలి. పాత పాఠం చూసి రాసిన కుర్రాడికి మొదటి వరుసలోనే తప్పుల చిట్టా ఎదురవుతుంది. ''నాకీ చదువు అబ్బదు'' అనుకుని మూసేసినా ఆశ్చర్యం లేదు. తప్పు వాడిది కాదు, పాఠానిది. కానీ ఆ ముక్క వాడికి చెప్పేదెవరు?

ఇల్లు మారినా పాత గడపకే చుట్టాలు

మైన్‌క్రాఫ్ట్ వికీకి మరో చిక్కుంది. దాన్ని రాసేవాళ్లంతా 2023 సెప్టెంబరులో ఇల్లు మారారు. అంతకుముందు ఫ్యాండమ్ అనే సంస్థ స్థలంలో ఉండేవారు. అక్కడి ప్రకటనలూ పద్ధతులూ నచ్చక, తమలో తాము చర్చించుకుని, రాసుకున్నదంతా తీసుకుని వేరే చిరునామాకు వెళ్లిపోయారు. ఆ రాతలను షరతులకు లోబడి ఎవరైనా నకలు చేసుకోవచ్చు కాబట్టి అందులో తప్పేం లేదు. కానీ పాత ప్రతి పాత చోటే ఉండిపోయింది. ఎన్నో ఏళ్లుగా అందరూ లంకె వేసుకున్న చోటు కదా, వెతికినవాళ్లు అటే వెళ్లడం ఆగలేదు. కాపురం మారింది, ఉత్తరాలు మాత్రం పాత గడపకే వస్తున్నాయి!

కొందరు దీనికి తెలివైన ఉపాయం కనిపెట్టారు. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అని 2006లో వచ్చిన ఆట ఉంది. ఇద్దరన్నదమ్ములు చేసింది. 2010లో అందులో లోహాల లెక్క మొత్తం మార్చేశారు. అంతకుముందు ఇనుముతో పోలిస్తే కంచు ఇంత శాతం, ఉక్కు ఇంత శాతం అని ఒక్క అంకె ఉండేది. ఆ తర్వాత సాంద్రత, వంగే బలం, విరిగే బలం వేరువేరుగా వచ్చాయి. ఆ ఆట వికీవాళ్లు పాత పేజీలు చెరపలేదు. వెర్షన్‌కో విభాగం పెట్టి విడిగా దాచారు. ఏ పేజీ ఏ కాలానిదో నుదుటి మీదే రాసి ఉంటుంది. పాత ఆట ఆడేవాడికి పాత లెక్క, కొత్త ఆటవాడికి కొత్త లెక్క. ఎవరినీ అబద్ధాలకోరు అనక్కర్లేదు!

మరి అత్తిలి పేజీ?

ఇదంతా పిల్లలాట అనుకుంటున్నారా? అయితే ఆట పక్కన పెట్టి అత్తిలికే వద్దాం.

తెలుగు వికీపీడియాలో ఊరూరికీ పేజీ ఉండాలని స్వచ్ఛందంగా కొందరు ఏళ్లుగా శ్రమిస్తున్నారు. జీతం లేదు, భత్యం లేదు. అలాంటి పేజీలో ఏమేం మారతాయో చూడండి. ఒకప్పుడు అత్తిలి ఓ శాసనసభ నియోజకవర్గం. 2008 పునర్విభజనలో అది రద్దయి, 2009 ఎన్నికల నుంచి తణుకులో కలిసింది. జిల్లా పశ్చిమ గోదావరే, కానీ జిల్లా కేంద్రం ఏలూరు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఏలూరు వేరే జిల్లా అయింది. పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమైంది. అత్తిలి అంగుళం కదలకుండానే కలెక్టరాఫీసు మారిపోయింది! అప్పటిదాకా కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ఏలూరు జిల్లాలోకి రావడంతో, రెండు జిల్లాల మధ్య ఉన్న కొల్లేరులో ఎక్కువ భాగం ఒకే జిల్లా కిందికొచ్చింది.

అంటే ఒక్క రోజు ఉత్తర్వుతో వేల ఊళ్ల పేజీలు పాతబడ్డాయి. ఎవరో ఒకరు కూర్చుని ఒక్కోటీ తెరిచి దిద్దాలి. పాత పేజీ నమ్మి అత్తిలి నుంచి ఏలూరు కలెక్టరేటుకు బయల్దేరిన మనిషికి పోయేది ఆటలో రెండు గంటలు కాదు, ఓ రోజు కూలీ, చార్జీలు.

కొన్ని దిద్దడానికి ఎవరి చేతుల్లోనూ ఉండదు. ఊరి జనాభా దగ్గర 2011 నాటి అంకెలుంటే అది రాసినవారి బద్ధకం కాదు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా కేంద్రం ప్రకటించింది. కాబట్టి అంకె పక్కన సంవత్సరం రాయడమే అక్కడ చేయగల న్యాయం.

ఇంకా బరువైన సంగతులూ ఉన్నాయి. ఎండోసల్ఫాన్ పురుగుమందునే తీసుకోండి. 2011లో సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. అంతకుముందు అచ్చయిన సాగు పుస్తకాల్లో అది పిచికారీ చేయమనే ఉంటుంది. ఆ పుస్తకం రాసినవాళ్లు ఆనాటికి తెలిసిందే రాశారు. దాన్ని ఈనాడు తెరిచి నెట్‌లో ఉన్నదున్నట్టు ఎక్కించేవాడు తేదీ ఒక్కటి పైన రాస్తే చాలు, చదివే రైతు జాగ్రత్తపడతాడు.

దిద్దే చేతికి నాలుగు మాటలు

ఇంట్లో పిల్లలకు ఇలాంటి పేజీల్లో తప్పు కనిపిస్తే తిట్టుకుని వదిలేయనివ్వకండి. దిద్దమనండి. అయితే దానికో పద్ధతుంది.

మొదటిది, తాము ఆడుతున్నది ఏ వెర్షనో చూసుకోవాలి. ఫోన్‌లో ఆడే ఆటకూ కంప్యూటర్‌లో ఆడే ఆటకూ కొన్ని లెక్కలు తేడా ఉంటాయి. తేడాను తప్పనుకుని దిద్దితే ఉన్న నిజం కూడా పోతుంది.

రెండోది, స్వయంగా చూడాలి. అన్ని వస్తువులూ అడగ్గానే ఇచ్చే క్రియేటివ్ పద్ధతి ఆటలోనే ఉంది. సామాన్లు అక్కడ తెచ్చుకుని, మామూలు ఆటలోకి మారి ఆ రాయిని కొట్టి, గడియారం పెట్టుకుని లెక్కించొచ్చు. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. స్నేహితుడు చెప్పాడనో, వీడియోలో చూశాననో మార్చకూడదు. ఆ వీడియో కూడా పాతదే కావచ్చు!

మూడోది, ఎందుకు మార్చారో రాయాలి. వికీలో మార్పు దాచేటప్పుడు కారణం రాయడానికి చిన్న గడి ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. ''ఫలానా వెర్షన్‌లో పరీక్షించి మార్చాను'' అని ఒక్క ముక్క రాస్తే తర్వాత వచ్చినవాడు నమ్ముతాడు. పాత రూపాలన్నీ వికీలో చరిత్రగా భద్రంగా ఉంటాయి కాబట్టి పొరపాటు జరిగినా వెనక్కి తేవచ్చు. భయం అక్కర్లేదు.

నాలుగోది, ముందు రాసినవాణ్ని తూలనాడకూడదు. వాడు రాయకపోతే దిద్దడానికైనా పేజీ ఉండేది కాదు. నేడు దిద్దినదాన్ని కూడా రేపు ఇంకొకరు దిద్దాల్సిందే.

ఈ నాలుగూ వచ్చిన పిల్లాడికి ఆట ఒక్కటే రాలేదు. ఏదైనా చదివినప్పుడు ఇది ఏనాటిది, ఎవరు చూసి రాశారు, ఇప్పటికీ నిజమేనా అని అడగడం వచ్చింది. ఏ ట్యూషన్‌లో చెబుతారు ఈ పాఠం?

మన తాతా మనవళ్ల కథ ముగిద్దాం. సాయంత్రం తాతగారు నిద్ర లేచేసరికి పిల్లాడి మొహం వెలిగిపోతోంది.

''తాతయ్యా! మైనస్ యాభై తొమ్మిదిలో దొరికాయి. నాలుగు!''

''శుభం. మరి ఆ తప్పు రాసిన పేజీని ఏం చేశావు?''

''ఏం చేస్తాను? నాకు దొరికేశాయిగా.''

పెద్దాయన చెంబు అందుకుని మొహం కడుక్కుంటూ అన్నారు. ''దారిలో ముల్లు గుచ్చుకుంటే తీసుకుని నీ దారిన నువ్వు పోతావా, పక్కన పారేసి పోతావా? నీ వెనక ఇంకో పిల్లాడు వస్తున్నాడు కదరా.''

పిల్లాడు ఓ క్షణం ఆలోచించి మళ్లీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఈసారి తవ్వడానికి కాదు.